పాత కాలపు సీరియళ్లలో ఆడ, మగ: దుర్మార్గుణ్ణి కాదు, రూలును చూడండి

మీరు అడిగింది మూడు ముక్కల్లో చెప్పుకుంటే ఇదీ. పాత దశాబ్దాల్లో నడిచే డ్రామాల్లో ఆడవాళ్లు నోరెత్తకుండా ఏడుస్తారు, లేకపోతే అచ్చం ఇప్పటి అమ్మాయిలా మాట్లాడి తిరగబడతారు. అప్పట్లో నిజంగా ఈ రెండు రకాలేనా? మగవాళ్లంతా అంత మొరటువాళ్లేనా? ఇంతకీ వీటిలో ఏది నమ్మొచ్చు? చాలాకాలం స్క్రిప్ట్ ఎడిటర్‌గా పనిచేశాను, అందులో పీరియడ్ కథలూ (పాత కాలాల్లో నడిచేవి) ఉన్నాయి. కాబట్టి రాసేవాళ్ల వైపు నుంచి జవాబు చెప్తాను. కొంచెం పొడుగవుతుంది.

స్క్రిప్టు చేతికి రాగానే నేను మొదట చూసేది ఒకటే. ఈ సీన్‌లో ఆమెకు అడ్డుపడింది మనిషా, రూలా? మనిషే అయితే కథ తేలిక. వాడు వెకిలిగా నవ్వుతాడు, భుజం మీద చెయ్యి వేస్తాడు, మనం వాణ్ణి అసహ్యించుకుంటాం, మూడో ఎపిసోడ్‌లో ఆమె వాడికి నోరు మూయించే సమాధానం చెబుతుంది, లెక్క సరిపోతుంది. అడ్డుపడింది రూలైతే కొట్టడానికి చెంప దొరకదు. బాస్ మంచివాడే, భర్త ప్రేమగలవాడే, డాక్టరు పెద్దమనిషే, అయినా ఆమె పని జరగదు. ఒక కాలం ఎలా ఉండేదో చెప్పేది ఈ రెండో రకం సీను. రాయడం కష్టం, తీయడం ఇంకా కష్టం. అందుకే తక్కువగా కనిపిస్తుంది.

2007 నుంచి 2015 దాకా వచ్చిన మ్యాడ్ మెన్ తీసుకోండి. 1960 నుంచి 1970 దాకా న్యూయార్క్‌లోని ఒక ప్రకటనల కంపెనీ చుట్టూ నడిచే కథ. దాని పేరెత్తగానే జనానికి గుర్తొచ్చేవి సిగరెట్లు, పట్టపగలు మందు, సెక్రటరీల మీద జోకులు. అవన్నీ పైపూత. నాకు గుర్తుండిపోయిన సీన్లలో ఎవరూ గొంతు పెంచరు. మొదటి సీజన్‌లో కథానాయకుడి భార్య బెటీ డ్రేపర్‌కు చేతులు మొద్దుబారుతుంటాయి. శరీరంలో ఏ రోగమూ లేదని తేలాక సైకియాట్రిస్టు దగ్గరికి పంపిస్తారు. అక్కడ పడుకుని ఆమె మనసులో మాటలు చెప్పుకుంటుంది. తర్వాత ఆ డాక్టరే ఆమె భర్తకు ఫోన్‌లో సంగతంతా చేరవేస్తాడు. ఇందులో విలన్ లేడు. ఫీజు కట్టిన మనిషికి రిపోర్టు ఇవ్వడం ఆ డాక్టరు దృష్టిలో మర్యాద. ఆ ఒక్క ఫోన్ కాల్ ముందు ఎంత పెద్ద ఏడుపు సీనైనా తేలిపోతుంది.

రెండో సీజన్‌లో ఇంకోటి ఉంది. ఆఫీసు వ్యవహారాలన్నీ చక్కబెట్టే జోన్‌కు కొన్నాళ్లు టీవీ విభాగంలో పని తగులుతుంది. ప్రసారం కాబోయే కథలు ముందే చదివి, ఎవరి ప్రకటన ఎక్కడ పడితే బాగుంటుందో, ఎక్కడ ఇబ్బందో చెప్పాలి. ఆ పనిలో ఆమెకు మంచి పట్టు దొరుకుతుంది. క్లయింట్లు కూడా సంతోషిస్తారు. అంతలో ఆ విభాగం చూసే హ్యారీ ఆ ఉద్యోగానికి ఒక మగవాణ్ణి తెచ్చి, పని నేర్పమని ఆమెకే అప్పగిస్తాడు. హ్యారీకి ఆమె మీద కోపం లేదు, చులకన కూడా లేదు. ఆ కుర్చీలో ఆమె ఉండొచ్చన్న ఊహే అతనికి రాలేదు. ఆమె చిరునవ్వుతో సరేనంటుంది. ఈ సీన్‌ను కొత్తవాళ్లకు చదవమని ఇస్తే చాలామంది మొదట అడిగేది ‘ఇక్కడ ఆమె ఏదైనా అనాలి కదా’ అని. అనకపోవడంలోనే సీనుంది. ఏమైనా అంటే ఆఫీసులో ఆమె సంపాదించుకున్న పరపతి పోతుంది, అది ఆమెకు తెలుసు.

ఇలాంటి సీన్ రాయాలంటే దుస్తుల కన్నా ముందు చట్టాల తేదీలు బల్ల మీద ఉండాలి. అమెరికాలో సమాన వేతన చట్టం 1963లో వచ్చింది. ఉద్యోగంలో ఆడ, మగ వివక్ష కూడదన్న పౌరహక్కుల చట్టం 1964లో. అప్పు, క్రెడిట్ కార్డు ఇచ్చే దగ్గర ఆడదన్న కారణంతో కాదనకూడదన్న చట్టం 1974 దాకా లేదు. గర్భిణిని ఉద్యోగం నుంచి తీసేయకూడదన్నది 1978లో. గర్భనిరోధక మాత్ర 1957లో నెలసరి ఇబ్బందుల మందుగా అనుమతి పొందింది, గర్భం రాకుండా వాడటానికి అనుమతి 1960లో దొరికింది. పెళ్లైనవాళ్లకు దాన్ని వాడుకునే హక్కును సుప్రీంకోర్టు 1965లో గుర్తిస్తే, పెళ్లికానివాళ్లకు 1972 దాకా పట్టింది. ఇప్పుడు మ్యాడ్ మెన్ మొదటి ఎపిసోడ్‌లో పెళ్లికాని కొత్త సెక్రటరీ పెగ్గీ మాత్ర కోసం డాక్టరు దగ్గరికి వెళ్లే సీన్ మళ్లీ చూడండి. అతను సిగరెట్ కాలుస్తూ నీతులు చెప్పడం మనకు మొరటుతనంగా కనిపిస్తుంది. అసలు సంగతి, మందు ఉంది కానీ దాని తాళంచెవి ఆ డాక్టరు అభిప్రాయం దగ్గర ఉంది. ఆమె నోరు మూసుకుని వినడం పిరికితనం కాదు, ఆ చీటీకి కట్టే ధర.

బ్రిటన్‌లో తేదీలు వేరు, అందుకే కథలూ వేరు. అక్కడ 1918లో ఓటు వచ్చింది ముప్ఫై ఏళ్లు దాటి, ఆస్తి అర్హత కూడా ఉన్న ఆడవాళ్లకే. మగవాళ్లతో సమానంగా వచ్చింది 1928లో. ఒక ప్రభువు కుటుంబం, వాళ్ల పనిమనుషుల కథ అయిన డౌన్‌టన్ అబీలో ప్రభువు కూతురు ఎడిత్ ఈ అన్యాయం మీదే పత్రికకు లేఖ రాస్తుంది, తండ్రికి కోపం వస్తుంది. మంచి సీన్, రూలు కనిపిస్తుంది. అయితే అదే ఇంట్లో కింది అంతస్తులో యజమాని కప్పు కింద బతికే ఆడ పనిమనుషుల్లో ఆ రూలు తాకనివాళ్లు దాదాపు ఉండరు, వాళ్లలో ఎవరూ లేఖ రాయరు. రాసినట్టు చూపించాలని నేననడం లేదు. కానీ ఆ సీరియల్‌కు అన్యాయం మేడ మీద ఒకలా, మెట్ల కింద ఇంకోలా వినిపిస్తుంది. పైన అయితే సిద్ధాంతం, కింద అయితే దురదృష్టం. పనిమనిషి ఎథెల్ ఒక సైనికాధికారి వల్ల గర్భవతై, ఉద్యోగం పోగొట్టుకుని, ఒళ్లమ్ముకునే దాకా వచ్చి, చివరికి బిడ్డను వదులుకునే కథ ఉంది చూశారా, దాన్ని ఆమె చేసిన పొరపాటుకు పర్యవసానంలా నడిపారు. సిఫార్సు ఉత్తరం ముక్క లేకుండా పనిలోంచి తీసేస్తే ఆ ఆడమనిషికి ఇంకో ఇంట్లో పని దొరకదన్న లెక్కే అసలు కథ.

మీ మొదటి ప్రశ్నకు ఇక్కడికొద్దాం. ఏడ్చే ఆడది, తిరగబడే ఆడది, ఈ రెండే ఎందుకు? సగం జవాబు చరిత్రలో లేదు, రైటర్స్ రూమ్‌లో ఉంది. నాయిక అణిగిమణిగి ఉంటే చూసేవాళ్లకు విసుగు, పరిస్థితులతో సర్దుకుపోతే చిరాకు, పక్క ఆడవాళ్లను తొక్కి పైకొస్తే కోపం. నిర్మాతల నుంచి వచ్చే మాట ఎప్పుడూ ఒకటే: ఆమె మనవైపు ఉండాలి. మనవైపు అంటే ఇప్పటి వైపు. దాంతో పాత గౌను వేసుకున్న ఇప్పటి మనిషి తయారవుతుంది. 1958 నాటి కథలో తన కాలపు నమ్మకాలు ఒక్కటి కూడా లేని నాయికను చూస్తే, ఆమెను ఆ ఇంట్లో ఎవరు పెంచారా అని నాకు అనుమానం.

ఈ విషయంలో ద మార్వెలస్ మిసెస్ మేజెల్ (2017 నుంచి 2023; ఒక ఇల్లాలు స్టేజీ మీద హాస్యకారిణి అయ్యే కథ) విచిత్రంగా రెండు వైపులా ఉంటుంది. మొదటి ఎపిసోడ్‌లో మిడ్జ్ భర్త నిద్రపోయేదాకా ఆగి, లేచి ముఖానికున్న రంగు తుడుచుకుని క్రీమ్ రాసుకుంటుంది. పొద్దున అతనికన్నా ముందు లేచి మళ్లీ అంతా దిద్దుకుని, ఇప్పుడే నిద్రలేచినట్టు పక్కన పడుకుంటుంది. తర్వాత తెలుస్తుంది, ఆమె తల్లి కూడా ఇదే చేస్తోందని. ఆ సీన్ బంగారం. ఆమెను ఎవరూ బలవంతపెట్టలేదు, పైగా తన నైపుణ్యం మీద ఆమెకు గర్వం కూడా ఉంది. ఆ మనిషే ఓ రాత్రి స్టేజీ ఎక్కి నోరు విప్పాక సీరియల్‌కు ఆ పాత మనిషి మీద ఆసక్తి తగ్గిపోతుంది. పిల్లల్ని ఎవరు చూస్తున్నారు, డబ్బు ఎక్కడిది అన్నవి చాలా సులువుగా సర్దుకుపోతాయి. అమ్మానాన్నల ఇల్లు, అత్తమామల సాయం, పనిమనిషి జెల్డా లేకపోతే ఆ స్వేచ్ఛ ఎన్ని ఎపిసోడ్లు నిలిచేది?

పనిమనిషి అన్నాను కాబట్టి ఆ ముక్క పూర్తిచేస్తాను, ఎందుకంటే ఈ డ్రామాల్లో ఎక్కువగా దాటేసేది అదే. యాభైల నాటి ఆడవాళ్లు అనగానే మనకొచ్చే బొమ్మ ఇంట్లో ఏప్రన్ కట్టుకున్న ఇల్లాలు. నిజానికి 1950లో అమెరికన్ ఆడవాళ్లలో దాదాపు మూడోవంతు మంది ఉద్యోగాల్లో ఉన్నారు, 1970 నాటికి అది 43 శాతం దాటింది. మరి ఆ బొమ్మ ఎక్కడిది? టీవీ నుంచే. లీవ్ ఇట్ టు బీవర్ (1957 నుంచి 1963) లాంటి ఆనాటి సీరియళ్లలో తల్లి ఇల్లు ఊడుస్తూ కూడా ముత్యాల హారం, హైహీల్స్ వేసుకునేది. ఆ పాత్ర వేసిన బార్బరా బిల్లింగ్స్‌లీ దీనికి చెప్పిన కారణం చాలా మామూలుది. మెడ దగ్గరున్న పల్లం కెమెరాలో నీడగా పడుతుంటే దాన్ని కప్పడానికి ముత్యాలు. కొడుకులుగా వేసిన కుర్రాళ్లు పొడుగవుతుంటే వాళ్లకన్నా ఎత్తుగా కనపడటానికి హీల్స్. లైటింగ్ ఇబ్బంది ఒక దశాబ్దపు ఆడతనానికి గుర్తైపోయింది. తర్వాతి వాళ్లు యాభైల కథ తీసినప్పుడల్లా జనాభా లెక్కల్ని కాక ఆ ముత్యాల్నే చూసి తీశారు.

ఇంకో సంగతి, ఆ ఇల్లాలి ఇల్లు నడిచేది ఇంకో ఆడమనిషి చేతుల మీద. మ్యాడ్ మెన్‌లో డ్రేపర్ ఇంట్లో పనిచేసే నల్లజాతి మహిళ కార్లా పిల్లల్ని కన్నతల్లికన్నా ఓపిగ్గా చూసుకుంటుంది. నాలుగో సీజన్ చివర్లో బెటీ ఆమెను క్షణాల్లో పనిలోంచి తీసేస్తుంది, సిఫార్సు ఉత్తరం ఇవ్వడానికి కూడా మనసు రాదు. ఎథెల్‌కు జరిగిందే మళ్లీ. ఈసారి రూలును నడిపించింది, రూలు కింద నలిగిన ఇంకో ఆడది. ఆ సీన్ రాసినవాళ్లను మెచ్చుకుంటాను. అయినా అన్ని సీజన్ల పాటు కార్లా సొంత ఇంటి తలుపు కెమెరా తియ్యలేదు, అది కూడా నిజమే.

ఈ తరహా లోటు తక్కువగా కనిపించేది కాల్ ది మిడ్‌వైఫ్‌లో. 2012లో బీబీసీలో మొదలైంది, 1957 నుంచి తూర్పు లండన్‌లోని పాప్లర్ పేటలో మంత్రసానులు, సన్యాసినుల కథ. పైకి తీపి ఎక్కువ. నేపథ్యంలో వచ్చే ఆ ముగింపు మాటలు నాకు కొంచెం భారమే. కానీ అందులో సంఘర్షణ ఆడది వర్సెస్ చెడ్డ మగాడు కాదు. ఇన్ని కాన్పులు ఒక శరీరం తట్టుకుంటుందా, గర్భస్రావం చట్టవిరుద్ధమైనప్పుడు (బ్రిటన్‌లో దాన్ని అనుమతించే చట్టం 1967లో వచ్చింది) ఎవరి వంటగదిలో ఏం జరిగింది, గర్భిణులకు వాంతులు తగ్గడానికిచ్చిన థాలిడోమైడ్ మందు పుట్టిన బిడ్డల్ని ఏం చేసింది, అలాంటివి. మందు రాసిన డాక్టర్ టర్నర్ మంచి మనిషి. అందుకే ఆ కథ అంత బరువుగా ఉంటుంది.

ఇక మగవాళ్ల సంగతి. అందర్నీ మొరటువాళ్లుగా చూపించడంలో ఒక సౌకర్యం ఉంది: ‘మనం అలా లేం’ అనుకుని సుఖంగా సోఫాలో కూర్చోవచ్చు. ఆ మొరటుతనమే వినోదమయ్యే ప్రమాదం కూడా ఉంది. 2006లో బీబీసీలో వచ్చిన లైఫ్ ఆన్ మార్స్‌లో ఇప్పటి పోలీసు అధికారి 1973 మాంచెస్టర్‌లో కళ్లు తెరుస్తాడు. అక్కడి బాస్ జీన్ హంట్ నోరు విప్పితే బూతు, ఆడవాళ్లంటే లోకువ. విమర్శగా రాసిన పాత్రే, కానీ జనం అతన్నే నెత్తిన పెట్టుకున్నారు, తర్వాతి సీరియల్‌లోనూ అతనే కొనసాగాడు. పెదవి విరిచే హీరో పక్కనుంటే తిట్లకు హాయిగా నవ్వేయొచ్చు. నవ్వించే డైలాగ్ అతనికి పడిన ప్రతిసారీ యానీ కార్ట్‌రైట్ అనే కానిస్టేబుల్ కథ కొంచెం చిన్నదైపోతుంది. డైలాగ్ ఎవరికి ఎక్కువ బాగా పడిందో చూడండి, రాసినవాళ్ల ప్రేమ ఎక్కడుందో తెలిసిపోతుంది.

రూలు మగవాణ్ణి కూడా ఎలా పిండుతుందో చూపించినవి తక్కువ, ఉన్నవి మంచివి. మ్యాడ్ మెన్‌లోనే ఆర్ట్ డైరెక్టర్ శాల్, తాను మగవాళ్లను ఇష్టపడతానని ఇంట్లో భార్యకు కూడా చెప్పలేని మనిషి, ఒక పెద్ద క్లయింట్ కోరికను కాదన్నందుకు ఉద్యోగం పోగొట్టుకుంటాడు. హాస్యంలో అయితే దట్ సెవెంటీస్ షో. 1976లో మొదలయ్యే ఆ కథలో రెడ్ ఫోర్‌మన్ పనిచేసే ప్లాంటులో గంటలు తగ్గిస్తారు, నర్సు ఉద్యోగం చేసే భార్య కిట్టీ ఇంటిని నెట్టుకొస్తుంది. అతని చిరచిరలన్నిటికీ అడుగున ఆ సిగ్గు ఉంటుంది. నవ్వులు తీసేస్తే పెద్ద కథే.

కొరియన్ సిరీస్ రిప్లై 1988 (2015–16) గురించి విడిగా చెప్పాలి. అందులో తల్లుల్ని వీధంతా ఫలానావాడి అమ్మ అనే పిలుస్తుంది. దాని మీద ఉపన్యాసం ఉండదు. ఒక ఎపిసోడ్‌లో రా మీరాన్ పుట్టింటికి వెళ్తుంది. భర్త, ఇద్దరు కొడుకులు ఇల్లంతా చిందరవందర చేసి, ఆమె వచ్చే ముందు కంగారుగా సర్దేస్తారు. ఇల్లు అద్దంలా ఉండటం చూసి ఆమె ముఖం వాడిపోతుంది. రెండో కొడుక్కి అర్థమవుతుంది: తను లేకపోయినా గడిచిపోతోందన్నదే ఆమె దిగులు. ముగ్గురూ కావాలని పనులు పాడుచేసి ఆమెను పిలవడం మొదలుపెడతారు, ఆమె తిట్టుకుంటూ వెలిగిపోతుంది. నవ్వొస్తుంది, వెంటనే గొంతులో ఏదో అడ్డంపడుతుంది. ఆమెకు ఆ ఇంట్లో ఉన్న అధికారం ఆ చాకిరీ ఒక్కటే, దాన్ని తీసేసి బదులుగా ఇంకేదీ ఇవ్వలేదు. ఆ ముగ్గురు మగవాళ్లలో చెడ్డవాడు ఒక్కడు లేడు. అదే సిరీస్‌లో ఒక ప్రేమజంటకు అడ్డం వచ్చేది ఒకే ఇంటిపేరు, ఒకే వంశమూలం ఉన్నవాళ్లు పెళ్లి చేసుకోకూడదన్న చట్టం. అది రాజ్యాంగానికి సరిపడదని కొరియా కోర్టు 1997లో తేల్చింది.

కథ నడిచే ఏడుతో పాటు తీసిన ఏడు కూడా చూడాలన్నది మీరు వినే ఉంటారు. హ్యాపీ డేస్ (సినిమా కాదు, 1974లో మొదలైన అమెరికన్ సీరియల్) యాభైల ఇంటిని అంత హాయిగా చూపించినప్పుడు బయట సమాన హక్కుల సవరణ (ఆడ, మగ సమానమని రాజ్యాంగంలో చేర్చే ప్రతిపాదన) మీద దేశమంతా వాదులాడుకుంటోంది. ఆ హాయి యాభైల గురించి కాదు, డెబ్భైల అలసట గురించి. ఇప్పటి డ్రామాలు దీనికి తిరగేసిన తప్పు చేస్తాయి: గతం చీకటి, ఒక్కో మెట్టూ ఎక్కుతూ వెలుగులోకి వచ్చాం అంటాయి. చరిత్ర అంత బుద్ధిగా మెట్లెక్కదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌లోని బ్లెచ్లీ పార్క్‌లో రహస్య సంకేతాలు ఛేదించే కేంద్రంలో పనిచేసినవాళ్లలో నాలుగింట మూడొంతులు ఆడవాళ్లు. 1952లో నడిచే ద బ్లెచ్లీ సర్కిల్‌లో సూజన్ ఆ పని గురించి కట్టుకున్నవాడికి కూడా చెప్పకూడదు, అతనికి ఆమె గళ్లనుడికట్లు నింపే ఇల్లాలు. అలాగే అమెరికాలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీల్లో ఆడపిల్లల వాటా ఎనభైల మధ్యలో దాదాపు 37 శాతానికి చేరి, ఆ తర్వాత పడిపోయింది. ఎనభైల్లో నడిచే కంప్యూటర్ల కథ హాల్ట్ అండ్ క్యాచ్ ఫైర్ మొదటి సీజన్‌లో ఇద్దరు మగవాళ్ల వెంట తిరిగి, రెండో సీజన్ నుంచి కామెరాన్, డాన్నాలు పెట్టిన కంపెనీ వైపు తిరిగింది. సీరియల్ బాగుపడింది కూడా అప్పుడే.

ఏది నమ్మొచ్చు అన్నారు. ఏ ఒక్కదాన్నీ మొత్తంగా వద్దు, సీన్లను నమ్మండి. ముందు మ్యాడ్ మెన్ మొదటి రెండు సీజన్లు చూడండి, తర్వాత కాల్ ది మిడ్‌వైఫ్, తర్వాత రిప్లై 1988. గుడ్ గర్ల్స్ రివోల్ట్ కూడా దొరికితే చూడండి. 1970 మార్చిలో న్యూస్‌వీక్ పత్రికలో 46 మంది మహిళా ఉద్యోగులు వివక్ష మీద ఫిర్యాదు చేసిన నిజ ఘటన ఆధారం. అక్కడ పద్ధతి ఏమిటంటే, ఆడవాళ్లు సమాచారం సేకరించాలి, మగవాళ్లు రాసి పేరు వేసుకోవాలి. అచ్చంగా రూలు మీద నడిచే కథ, కాకపోతే ఒక్క సీజన్‌తో ఆపేశారు.

2020లో వచ్చిన మిసెస్ అమెరికాను మాత్రం ఆఖరికి దాచుకోండి, తొమ్మిది ఎపిసోడ్లే. సమాన హక్కుల సవరణ 1972లో అమెరికన్ కాంగ్రెస్‌ను దాటింది, 38 రాష్ట్రాల ఆమోదం కావాల్సి ఉండగా గడువు ముగిసిన 1982 నాటికి 35 దగ్గర ఆగిపోయింది. ఆపడానికి ఊరూరా తిరిగి ఉద్యమం నడిపింది ఫిలిస్ ష్లాఫ్లీ అనే మహిళ. రక్షణ విధానం మీద పుస్తకాలు రాసిన మనిషి, ఎన్నికల్లో పోటీ చేసిన మనిషి. మొదటి ఎపిసోడ్‌లో వాషింగ్టన్‌లో మగ నాయకుల మధ్య ఆ రక్షణ విషయమే చర్చించడానికి కూర్చుంటే, నోట్స్ రాసుకోమని ఆమెకే చెబుతారు. ఆమె కాగితం తీసుకుంటుంది. బయటికొచ్చి ఆ రూలు అలాగే ఉండాలని పోరాడుతుంది, ఇల్లు దాటి బయట తిరుగుతూ ఆడవాళ్ల చోటు ఇల్లేనని చెబుతుంది. మీరు చెప్పిన రెండు గళ్లలో ఆమెను ఏ గడిలో పెడతారో చూసి రాయండి.